నల్లమచ్చకు దండం

పట్టుపురుగు తెల్లటి ఒంటి మీద ఆవగింజంత నల్లమచ్చ. దానికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

మా పలమనేరు దిక్కున ఈ మచ్చకు ఎవరూ దండం పెట్టరు. అది కనబడితే గుండె జారిపోతుంది. తట్ట ముందు గొంతుక్కూర్చున్న మనిషి ఆ పురుగును రెండు వేళ్లతో ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి, "ఈగ కూచుండాది" అంటుంది. ఆ మాట తరువాత ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. నేను దాన్ని మా అవ్వ నోట విన్నాను. మచ్చ అంటే ఈగ వేసిపోయిన ముద్ర అనుకున్నాను. ఆ నలుపు పురుగుదేననీ, తన నెత్తుటితో తానే పెట్టుకుందనీ నాకు తెలిసేసరికి అవ్వ లేదు. ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటలు ఇవి.

పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పడమటి అంచు మాది. పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం, కుప్పం, పైన పుంగనూరు, రామసముద్రం. ఎర్రనేల, రాతిగుట్టలు, బోరునీళ్లు, వాటి మధ్య మల్బరీ తోటలు. తిరుపతి వీధులు నిప్పుల మీద పెనంలా ఉన్న రోజుల్లో కూడా మా దిక్కున తెల్లవారుజామున చల్లగాలి వీస్తుంది. పట్టుపురుగుకు ఆ చల్లదనం హాయి. గుడ్డు పగిలి బయటపడిన రోజున అది వెంట్రుక ముక్కంత ఉంటుంది, నల్లగా. నాలుగు జ్వరాలు దాటుతుంది. జ్వరమంటే మా పురుగుల ఇళ్లల్లో కుబుసం విడిచే ముందరి నిద్ర: తల పైకెత్తి, ఆకు ముట్టక, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే ఇక తిండే తిండి. జన్మంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. అప్పుడు చీకట్లో ఆ ఇంటి గడపలో నిలబడితే కళ్లంలో ఎండిన చెనక్కాయ పొట్టు గాలికి ఒరుసుకుంటున్నట్టు ఒకటే సవ్వడి. నెల తిరిగేలోపు పుట్టిననాటి బరువుకు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది.

తిన్నదంతా ఒక్క గరిసెలోకే చేరుతుంది. ఆ గరిసెలోంచే అందరికీ కొలిచి పెట్టాలి. నూలు తీసే గ్రంథికి ఇంత, రేపటి గుడ్లకు ఇంత, గూట్లో తిండి లేని రోజులకు దాచుకునే కొవ్వుకు ఇంత, నెత్తుటికి ఇంత. గూడు కట్టే ముందు ఆ నూలు గ్రంథి ఒక్కటే ఒంటి బరువులో నాలుగో వంతు దాటిపోతుంది. ఉమ్మడి ఇంట్లో ఒక కొడుకు పెద్ద పళ్లెం ముందు పెట్టుకుంటే మిగతావాళ్ల ముద్ద చిన్నదవుతుంది. పురుగు ఒంట్లోనూ అదే.

సరిగ్గా ఆ చివరి రోజులు చూసుకుని వస్తుంది ఊజీ ఈగ. బూడిదరంగు ఒళ్లు, వీపున నాలుగు నల్లచారలు, ఇంటీగ కన్నా కాస్త పెద్దది. ఊజి అన్నది జపాన్ మాట, ఈగపిల్ల అని అర్థం. బెంగాల్ పట్టు పల్లెల్లో ఇది పాతకాపు. 1980లో అక్కడి నుంచి వచ్చిన పట్టుగూళ్ల వెంట కర్ణాటకలో దిగింది. కోలారు దాటితే మా ఊళ్లే కదా, ఈగకు పొలిమేర ఏముంది. ఆడ ఈగ పురుగు మడతల్లో నూకగింజ కన్నా చిన్నదైన తెల్లగుడ్డును అంటించి లేచిపోతుంది. అలా వందల పురుగుల మీద వందల గుడ్లు. రెండు రోజుల్లో గుడ్డు అడుగు నుంచి ఈగపిల్ల పట్టుపురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి దిగుతుంది.

ఓ పురుగు నెత్తురా, నీ పాట ఇక్కడ మొదలు.

నువ్వు ఎర్రగా ఉండవు. నరాల్లో పారవు. వీపు పొడవునా గొట్టంలాంటి గుండె ఒకటి నిన్ను తలవైపు నెడుతుంది, అక్కడి నుంచి నువ్వు కట్ట తెగిన చెరువు నీళ్లలా ఒళ్లంతా పరుచుకుంటావు. పేగూ గ్రంథీ కండరమూ అన్నీ నీలో మునిగి బతుకుతాయి. నీలో తేలే కణాలకు మునుపు ఈ శత్రువును చూసిన గుర్తు ఉండదు. టీకా వేసుకుని ఏళ్ల తరబడి జ్ఞాపకం పెట్టుకునే నెత్తురు మాది. నీకు అంత వ్యవధి లేదు. నీ జన్మ మొత్తం మాకు రెండు నెలలు. అయినా చర్మం చిరిగిన ఆ చోటికి నీ కణాలు పరుగెత్తుకొస్తాయి. అంటుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. మింగడానికి వీల్లేనంత పెద్ద శత్రువు కనుక చుట్టూ గోడ కడతాయి. ఆ గోడకు నలుపు పూస్తాయి.

ఆ నలుపు పుట్టడం నేను కళ్లారా చూశాను. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సెరికల్చర్ చదువుకున్న మా అక్క కూతురు చూపించింది. పురుగు పొట్టకాలి కొసను సూదితో గుచ్చితే గాజుపలక మీద ఒక్క బొట్టు రాలింది. తాటిముంజెలోని నీళ్లలా తేటగా, వెలుతురు పడ్డచోట కొంచెం పసుపు జీర. "రెప్ప వేయొద్దు చిన్నమ్మా" అంది ఆ పిల్ల. అంచున ముందు పొగ చూరినట్టు అయింది. తరువాత టీ డికాషన్ రంగు. ఆ రంగు అంచు నుంచి నడిమికి పాకింది. నేను గడియారం చూడటం మరిచిపోయాను. చివరికి పలక మీద మసిబొట్టు మిగిలింది, పసిపిల్ల బుగ్గన పెట్టే దిష్టిచుక్కలా.

వంకాయ తరిగి నీళ్లలో వేయకపోతే ముక్కలు నల్లబడతాయి కదా, దగ్గర దగ్గర అదే కీలకం. పురుగు నెత్తుటిలో ఫినాల్ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ నిద్రపోతూ ఉంటుంది. గాయమో, బూజు వాసనో, పరాయి ప్రాణి స్పర్శో తగిలితే ఒకదాన్నొకటి తట్టిలేపుకునే ఎంజైముల వరస చివరలో అది లేస్తుంది. లేచి మెలనిన్‌ను పోస్తుంది, మన జుట్టుకు నలుపునిచ్చే ఆ మెలనిన్‌నే. ఆ మంటలో పుట్టే విషాలు లోపల చిక్కిన పరాయిదాన్ని కాలుస్తాయి. ఊపిరి ఆడనివ్వవు.

మంట మంటే. ఎవరి ఇల్లని చూడదు. ఆ విషాలు పురుగు సొంత కణాలనూ కాలుస్తాయి. అందుకే ఆ ఎంజైమ్‌ను అంత లోతుగా నిద్రపుచ్చి, దాన్ని లేపే చేతుల్ని పట్టి ఆపడానికి మళ్లీ వేరే కాపలా పెట్టుకుంటుంది ఆ చిన్న ఒళ్లు. నిప్పును కుంపటిలో దాచడానికి కుంపటి ఖరీదు, కావలి ఖరీదు, ఆర్పే నీళ్ల ఖరీదు. నెత్తురు ఏదీ ఊరికే చేయదు.

మంటపెట్టిన తరువాత ఏమవుతుందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఊజీ పిల్ల ఆ గోడను అడ్డుకోదు. కట్టనిస్తుంది. తన వెనుక కొసను బయటి గాలికి ఆనించి ఉంచి, పురుగు కణాలు చుట్టూ పేరుస్తున్న ఆ నల్లటి గోడను గరాటుగా మలుచుకుంటుంది. ఆ గరాటులోంచి బయటి గాలి పీలుస్తూ, ముందు నోటితో లోపలి కొవ్వు తింటూ పెరుగుతుంది. ఈ జాతి ఈగల్లో చాలావాటికి తరతరాలుగా అబ్బిన విద్య అది. ఊపిరి తీయడానికి పురుగు కట్టిన గోడే శత్రువుకు ఊపిరి కిటికీ అయింది. మా అవ్వ వెలుతురుకు పట్టి చూసిన నల్లమచ్చ ఆ కిటికీ. పోరాడిన గుర్తూ అదే, ఓడిన గుర్తూ అదే. నా దండం రెంటికీ చెందాలి.

ఇదే నలుపు గెలుపు గుర్తుగా ఉన్న ఒళ్లూ ఉంది. దాని కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. జూన్‌లో చిత్తూరు రోడ్ల వెంట గుజ్జు ఫ్యాక్టరీల ముందు బెంగళూరా మామిడికాయల ట్రాక్టర్లు వరసకట్టి నిలబడతాయి. మెత్తబడి కారిన కాయల మీద నువ్వుగింజంత ఈగలు ముసురుతాయి. ఎర్రకళ్ల పండ్ల ఈగ, డ్రోసోఫిలా. పండు గుజ్జులో ఈదే దాని పిల్లల ఒంట్లోకి కంటికి ఆనీ ఆనని కందిరీగ గుడ్డు పెడుతుంది. కొన్ని పిల్లల నెత్తురు ఆ గుడ్డు చుట్టూ పలుచటి రేకుల్లాంటి కణాల్ని ఉల్లిపాయ పొరల్లా చుట్టి, నల్లగా మార్చి, గుడ్డును చంపేస్తుంది. అలా బతికి రెక్కలొచ్చిన ఈగ పొట్టలో ఆ నల్లచుక్క కడదాకా ఉండిపోతుంది. గెలిచిన యుద్ధాన్ని కడుపులో పెట్టుకుని ఎగురుతుంది.

ఇంత గొప్ప విద్య ఉన్నప్పుడు ఈగలన్నీ ఎందుకు నేర్చుకోలేదు? ఇంగ్లండులో క్రాయెవెల్డ్, గాడ్‌ఫ్రే అనే ఇద్దరు ఈ ప్రశ్నను ఈగలనే అడిగారు. కందిరీగల మధ్య పెంచి, బతికి బయటపడ్డ ఈగల నుంచే తరువాతి తరాన్ని తీశారు. మొదట నూటికి ఐదు పిల్లలు మాత్రమే తట్టుకునేవి. ఐదు తరాలు తిరిగేసరికి నూటికి అరవై. ఐదు తరాలంటే ఈగకు మూడు నెలల లోపు సంగతి. పరిణామం కోట్ల ఏళ్ల ముచ్చటని బళ్లో చదువుకున్న నాకు ఆ అంకె దగ్గర ఆగిపోవాలనిపించింది. కళ్లముందు, ఒక సీసాలో, ఒక మామిడి కాపు ముగిసేలోపు ఒక జాతి నెత్తురు మారిపోయింది.

ఖర్చు ఎక్కడ పడిందో చాలాసేపు కనబడలేదు. తిండి దండిగా ఉన్నప్పుడు ఆ ఈగలకు ఏ లోటూ లేదు. తిండి తగ్గించి, మామూలు ఈగపిల్లలతో కలిపి ఒకే చోట వదిలినప్పుడు బయటపడింది. తట్టుకునే జాతి పిల్లలు పోటీలో వెనకబడ్డాయి. 1997లో వాళ్లు ఆ మాట ప్రకటించారు. తరువాతి పరీక్షల్లో ఆ పిల్లల నెత్తుటిలో కణాలు రెట్టింపుకు దగ్గరగా ఉన్నాయని, నోరు ఆడించడం మందగించిందని తెలిసింది. కావలివాళ్ల సంఖ్య పెరిగింది, గరిసె అంతే ఉంది. 2000లో స్విట్జర్లండులో మోరే, ష్మిడ్-హెంపెల్ అనే ఇద్దరు బంబుల్ తేనెటీగలతో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది. రోగం లేకుండానే రోగమొచ్చిందన్న భ్రమను నెత్తుటికి కలిగిస్తే, తిండి ఉన్న తేనెటీగలకు ఏమీ కాలేదు, తిండి లేనివి తొందరగా చచ్చిపోయాయి.

కరువు సీమలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా పెద్దలు జొన్నకో రాగికో ఉన్న మొండితనాన్ని వరి దగ్గర ఆశించలేదు. వాన బాగా పడ్డ ఏడు ఏ పంటైనా పచ్చగానే ఉంటుంది. ఎవరి వేరు ఎంత లోతున ఉందో తెలిసేది వాన మొహం చాటేసిన ఏడే.

పట్టుపురుగుల్లోనూ అలాంటి రాగి ఒకటుంది. మైసూరు జాతి, ప్యూర్ మైసూర్ అంటారు. కదురు ఆకారంలో కొసలు సన్నగిల్లిన చిన్న గూడు, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. గూడు విప్పితే వచ్చే పోగు నాలుగువందల మీటర్లకు అటూ ఇటూ. ఎండనూ నాసి ఆకునూ రోగాన్నీ ఓర్చుకుంటుంది. ఊజీ ఈగ దాన్నీ వదలదు, అది వేరే సంగతి. ఇంకొకటి తెల్లగూళ్ల జాతి, బైవోల్టిన్. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధనా సంస్థ తీసిన సీఎస్ఆర్2, సీఎస్ఆర్4 ఆ వంశానివి. పోగు వెయ్యి మీటర్ల పొడవు, పాలనురగ లాంటి తెలుపు, ధర ఎక్కువ. ఆకు ఒక పూట వాడినా, గదిలో వేడి కాస్త పెరిగినా అది తట్టుకోలేదు. రెండింటినీ కలిపిన సంకరజాతిని ఏళ్ల తరబడి మా ఇళ్లల్లో పెంచారు. పోగు పొడవుకూ ప్రాణం గట్టితనానికీ మధ్య రైతు కుదుర్చుకున్న రాజీ అది.

ఐదువేల ఏళ్లుగా మనిషి పట్టుపురుగును ఏరుతూ వస్తున్నాడు. లావుపాటి గూడు కట్టినదాన్ని విత్తనానికి ఉంచాడు. నెత్తురు గట్టిదా అని ఎవరు చూశారు? చూడ్డానికి అది బయటికి కనబడదు కదా. రెక్కలుండీ ఎగరలేని పట్టుచిలుక అయింది. ఆకు దూరంగా ఉంటే వెతుక్కుంటూ పోలేని పురుగైంది. అది తన గరిసెలోంచి కావలివాళ్లకు కొలవాల్సింది కూడా మనకు నూలుగా పోసింది. అది పోసినప్పుడు ఆ కావలి ఎవరి నెత్తిన పడింది?

మా అవ్వ నెత్తిన పడింది.

పంటకు ముందు ఇల్లంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగేది ఆమె. గోడలకు సున్నం, తట్టలకు ఎండ. గడపలో మందునీళ్ల తొట్టి, అందులో కాలు ముంచకుండా దేవుడొచ్చినా లోపలికి రానిచ్చేది కాదు. "చేతులు కడుక్కోని రా పో, నీ చేతికి ఏముండాదో దానికెట్ల తెల్స్తాది" అనేది నన్ను. ప్రతి జ్వరం తరువాత పలుచటి గుడ్డలో విజేత అనే మందుపొడి మూటగట్టి, పసిబిడ్డకు పౌడరు అద్దినట్టు పురుగుల మీద దులిపేది. కిటికీలకు నైలాన్ వల, తలుపుకు వల, వలకు చిరుగు పడితే పట్టుదారంతోనే కుట్టు. తోట పక్కన ఎవరైనా టమోటాకు మందు కొట్టారని తెలిస్తే ఆ గట్టు ఆకు కోయనిచ్చేది కాదు. కిటికీ వారన చిన్న సంచి వేలాడేది, అందులో నెసోలింక్స్ అనే కందిరీగలు. ఊజీ ఈగ ప్యూపా మీద గుడ్లు పెట్టి, తమ పిల్లలకు దాన్నే మేతగా చేసే కందిరీగలవి. పరాన్నజీవికి పరాన్నజీవి. గడప మీద ఎప్పుడూ వేపమండ. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర జరిగే మే నెలలో ఒక ముంత పొంగలి ఈ గడపకూ పెట్టేది. ఊరిని రోగం తాకకుండా కాచే తల్లి పురుగుల ఊరిని మాత్రం ఎందుకు కాయదు, అని ఆమె నమ్మకం. నాకు ఆ వేపమండా, ఆ బ్లీచింగ్ వాసనా, పురుగు ఒంట్లో నిద్రపోయే ఆ ఎంజైమూ ఒక్క వరసలోనే కనబడతాయి.

ఆ కావలి ఖర్చు ఆమె ఒంట్లోంచే పోయింది. చివరి వారంలో ఆమె పడుకోవడం నేను చూడలేదు. రాత్రి పదింటికి ఒక మేత, తెల్లవారకముందే ఇంకో మేత. సున్నానికి వేళ్ల సందులు పగిలేవి. ఆకు బరువుకు మెడ పక్కకు ఒరిగింది. గరిసె ఆమెకూ ఒక్కటే.

కావలి ఎంత గట్టిదైనా ముందే లోపలున్న దొంగను ఆపలేదు. పెబ్రిన్ అలాంటిది. నోసెమా అనే సూక్ష్మజీవి తల్లి గుడ్డులోంచే బిడ్డ ఒంట్లోకి వస్తుంది, నెత్తురు లేవకముందే ఇల్లు దానిదైపోయి ఉంటుంది. ఫ్రాన్సు పట్టు పరిశ్రమ దానికి కుప్పకూలుతుంటే 1865లో పాశ్చర్‌ను ఆలేస్ ఊరికి పిలిచారు. పట్టుపురుగును అంతకుముందు ముట్టి ఎరగని మనిషి ఐదేళ్లు దాని వెనక తిరిగాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి సూక్ష్మదర్శినిలో చూడటం, రోగం కనబడితే ఆ గుడ్లను తీసేయడం, ఇదే ఆయన చెప్పిన ఉపాయం. ఇవాళ్టికీ మన గుడ్ల కేంద్రాల్లో చేసేది అదే. రోగం లేని గుడ్లు అని కాగితం మీద అంటించి ఇచ్చే చుక్కల వలయాల వెనక నలిగిన తల్లులున్నాయి.

పండిన పురుగు తేనె రంగులో మెరుస్తుంది. మేత మానేసి తల ఎత్తి దారి వెతుకుతుంది. వాటిని ఏరి, గూడు కట్టుకోవడానికి పెట్టే చంద్రికల మీద వదులుతారు. ఆ దారంలోనూ కావలి ఉందని ఈమధ్యే తెలిసింది నాకు. పోగుతో పాటు పురుగు సెరోయిన్ లాంటి ప్రొటీన్లను కలిపి నేస్తుంది, అవి సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వవు. నీరుగట్టువారిపల్లె మగ్గాల మీదికి వెళ్లే పోగు, బ్రహ్మోత్సవాలకు వస్త్రమై కొండెక్కే పోగు, మొదట ఒక పురుగు తన నిద్రకు కట్టుకున్న కోట.

నాకు పదేళ్లప్పుడు ఒక పంటలో ఆలస్యంగా ఈగ దిగింది. చంద్రికల మీదికి పోవాల్సిన పురుగుల్లో మచ్చలున్నవి చాలానే తేలాయి. వాటిని విడిగా ఏరి నాశనం చేయాలి, లేకుంటే ఈగపిల్లలు గూళ్లు తొలుచుకుని నేలసందుల్లోకి పోయి మళ్లీ ఈగలై లేస్తాయి. తొలిచిన గూడు పోగుకు పనికిరాదు. అవ్వకు అది అందరికన్నా బాగా తెలుసు. ముంతలోకి ఏరుతూ ఏరుతూ ఒక పురుగు దగ్గర ఆగింది. మూడో మడత పక్కన నల్లమచ్చ. అయినా అది అప్పటికే ముంత అంచుకు నాలుగు పోగులు కట్టేసి ఉంది. అవ్వ దాన్ని తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీలేబ్బా, పని మొదులుపెట్టిండాది" అని ముంత మీద గుడ్డ కప్పి కట్టేసి, దీపం పక్కన పెట్టింది.

నేను ముంత పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గుడ్డ పలుచటిది. దీపం వెలుగులో లోపలి నీడ కనబడుతోంది. పురుగు తల ఎనిమిది అంకె వేస్తూ అటూ ఇటూ ఆడుతోంది, వేసిన అంకె మీదే మళ్లీ వేస్తూ, మచ్చ ఉన్న వైపు కాస్త వంగి.